అమ్మబోయే ఇంటికి ఎంత ఖర్చు పెట్టాలె?

గిర్మాజీపేటలోని మా ఇల్లు ఏదో ఒకరోజు అమ్మాల్సిందే. పెద్ద భాయ్ జెద్దాలో, ఆపా హైదరాబాద్‌లో, నేను ఇక్కడ అమ్మీతో. నూట ఇరవై గజాల జాగాను ముగ్గురం మూడు ముక్కలు చేసుకుని కాపురం ఉండలేం. అమ్మీ ఉన్నన్నాళ్లు ఆ మాటే లేదు. అంటే అమ్మే తారీఖు ఏమిటో మాకందరికీ తెలుసు, ఎవరం పలకం. అట్లాంటి ఇంటికి ఇప్పుడు మరమ్మత్తు చేయించాలా వద్దా అన్నదే మా మసలా. మన ఘరానాల్లో చాలామందికి ఇదే ఫికర్ ఉంటుంది కాబట్టి రాస్తున్నా.

భాయ్ పైసలు పంపుతానన్నాడు. ముందు గోడకు ఎలివేషన్, దాలాన్‌లో మార్బుల్ ఫర్ష్, బావర్చీఖానాలో గాజు తలుపుల అల్మారాలు. “షాన్‌గా కనిపిస్తే ధర వస్తుందిరా” అని వాడి ఖయాల్. పక్కింటి చాచాదేమో ఉల్టా మాట: “అమ్మే ఇంటికి సున్నం కూడా దండగ బేటా.”

నాకు రెండూ సరిగ్గా అనిపించలేదు. మా గల్లీలో ఈ పదేండ్లలో నాలుగు పాత ఇళ్లు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లు అడిగింది గజాలెన్ని, ముందు రోడ్డు ఎంత వెడల్పు, కాగజాత్ సాఫ్‌గా ఉన్నాయా అని. తర్వాత నాలుగింటినీ కూలగొట్టి కొత్తవి కట్టుకున్నారు. మనం వేసిన మార్బుల్ మీద మొదటి గడ్డపార పోటు పడుతుంది. దానికెవడు పైసలిస్తాడు?

అమ్మీని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది: “మై రహే తక్ ఘర్ మేరేకు కామ్ ఆనా. బాద్ మే లేనేవాలా దేఖ్‌లేతా.” నేనున్నంత వరకు ఇల్లు నాకు పనికి రావాలి, తర్వాత కొనేవాడు చూసుకుంటాడు అని. అక్కడి నుంచి నా హిసాబ్ మారింది.

మొదటి ఖర్చు గుసల్ఖానా. మాది సహన్‌కు ఆ చివర, మూడు మెట్లు దిగి పోవాలి. అమ్మీ మోకాళ్లకు ఫజర్ వేళ ఆ మెట్లే పెద్ద ముసీబత్. ఆమె కమ్రా పక్కనే కొత్తది కట్టించాం. కుర్చీలా కూర్చునే కమోడ్, జారని టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ, వుజూకు ఎత్తుగా నల్లా. కొనేవాడు దీనికి రూపాయి ఎక్కువ ఇవ్వకపోవచ్చు. కానీ రోజుకు ఐదు సార్లు వసూలవుతోంది.

రెండోది కప్పు, మోరీ. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారం వరంగల్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో మనం చూశాం. ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు “వానకు నీళ్లొస్తాయా?” అని అడగడం మొదలుపెట్టారు. విరిగిన పెంకులు మార్పించాం, మోరీ నీళ్లు వెనక్కి తన్నకుండా బాగుచేయించాం. ఈ పని అమ్మీకీ ఆరామ్, రేపు ధరకూ ఆసరా.

మూడోది పడమటి గోడ చెమ్మ. మేస్త్రీ “భాయ్‌సాబ్, పుట్టీ పెట్టి రెండు కోట్లు రంగు కొడితే రెండేండ్ల దాకా మచ్చ కనపడదు. ఆలోపు అమ్ముకోండ్రి” అన్నాడు. సస్తా సలహానే. కానీ మాలులోని ఐబును దాచి అమ్మితే ఆ బేరంలో బర్కత్ ఉండదని మనకు చిన్నప్పుడే నేర్పారు. పైగా అది డంగు సున్నంతో కట్టిన గోడ. దానికి గాలాడాలి. మీద సిమెంట్ పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడనే తింటుంది. సిమెంట్ గీకించి మళ్లీ సున్నమే పూయించాం. చెమ్మ సగం తగ్గింది, మచ్చ ఉంది. ఉండనీ, కొనేవాడికి చూపిస్తాం.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫాయిదా ఇచ్చింది కాగజాత్ పని. దాదా కొన్నప్పటి బైనామా ఉర్దూలో ఉంది. మా పిల్లల్లో ఒక్కరికీ చదవడం రాదు. షర్ఖ్, గర్బ్, షుమాల్, జునూబ్ హద్దులన్నీ నేనే చదివి వకీల్ సాబ్ కోసం తెలుగులో రాసిచ్చా. ఉర్దూ మీడియం బడి, తెలుగు డిగ్రీ రెండూ ఒకే కాయితం మీద పనికిరావడం నాకిదే మొదటిసారి.

దాదాకు అబ్బా ఒక్కరే ఔలాద్. అబ్బా విరాసత్‌లో అమ్మీకి ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుకుకు రెండు, బిడ్డకు ఒకటి. మొత్తం 40 హిస్సాలనుకుంటే అమ్మీకి 5, భాయ్‌కి 14, నాకు 14, ఆపాకు 7. ఇది అందరి ముందు కాయితం మీద పెట్టాం. ఆపా హిస్సా గురించి “తర్వాత చూద్దాం” అనే మాట మా ఇంట్లో రావద్దనుకున్నాం. మ్యుటేషన్‌కు దరఖాస్తు కూడా పెట్టాం.

ఇంకో మాట కూడా రాసుకున్నాం. భాయ్ పంపిన పైసలు ఖర్జా, హదియానా? ఇప్పుడే తేల్చకపోతే అమ్మిన రోజు అదే ఝగడా అవుతుంది. వాడు గుసల్ఖానాకు ఇచ్చింది అమ్మీకి హదియా అన్నాడు. కప్పుకు ఇచ్చింది ఖర్జ్, అమ్మినప్పుడు అందరి హిస్సాల్లోంచి ముందు తీర్చాలి. బిల్లులు కూడా దాచాం. కొత్తగా కట్టిన నిర్మాణం ఖర్చును ఇన్‌కంటాక్స్‌లో అమ్మకపు లాభం నుంచి తీసేయొచ్చు. రంగులకూ చిల్లర రిపేర్లకూ ఆ సౌకర్యం లేదు.

మార్బుల్ వేయలేదు, ఎలివేషన్ కట్టలేదు. దాలాన్‌లో పాత షాబాద్ బండలే ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం అమ్మీ వాటి మీదే చాప పరుచుకుని పడుకుంటుంది. భాయ్ వీడియో కాల్‌లో చూసి “చల్లగా ఉందా అమ్మీ?” అని అడిగాడు. మార్బుల్ మాట మళ్లీ ఎత్తలేదు.