చెరువును విడవని వానకోవెల

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పొద్దున్నే నిలబడితే కొంగలు, బాతులే కాదు... నీళ్లకు జానెడు ఎత్తులో రివ్వున దూసుకుపోయే బుల్లి పిట్టలూ కనిపిస్తాయి. ఒక్కచోట నిలవవు. కళ్లు వాటి వెంట పరుగెత్తాల్సిందే! అవే వానకోవెలలు. ఇంగ్లిషులో స్వాలోలు.

2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఈ చెరువు దగ్గర వాటిని పోల్చుకోవాలంటే కాస్త ఓపిక పట్టాలి. కరెంటు తీగ మీద వాలేదాకా ఆగాలి. అలా వాలిందంటే అది స్విఫ్ట్ కాదన్నమాట. చూడ్డానికి ఇలాగే ఎగిరే స్విఫ్ట్‌లు గోడలకో తాటాకులకో వేలాడగలవు తప్ప తీగల మీద కూర్చోలేవు.

ఇక రంగులు చూడాలి. నెత్తిన ఇటుకరంగు టోపీ, నిగనిగలాడే నీలం వీపు, గొంతు నుంచి పొట్టదాకా తెలుపు... ఇవన్నీ ఉంటే అది వైర్ టెయిల్డ్ స్వాలో. తోకకు రెండువైపులా సన్నని తీగల్లాంటి ఈకలుండటం వల్లే ఆ పేరు. మగపిట్టకు అవి మరీ పొడవు. అయితే ఎగిరేటప్పుడు కనిపించకపోవచ్చు, విరిగిపోయి ఉండొచ్చు కూడా. అందుకే తోకకన్నా గొంతును చూడటం మేలు. గొంతు ఇటుకరంగులో ఉండి, దాని కింద ముదురు రంగు పట్టీ ఉంటే అది బార్న్ స్వాలో.

బార్న్ స్వాలో చలికాలపు చుట్టం. ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి వెళ్లిపోతుంది. వైర్ టెయిల్డ్ స్వాలో మాత్రం మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఉంటుంది, నీరున్న చోటే తిరుగుతుంది. ఈగల్లాంటి పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. దాహమేసినా ఆగదు... ఎగురుతూనే నీళ్లు తాగేస్తుంది!

గూడు పనీ నీటి దగ్గరే. తడిమట్టిని ముక్కుతో ఉండలుగా తెచ్చి వంతెన కిందో, కల్వర్టు లోపలో సగం గిన్నెలా అతికిస్తుంది. లోపల మెత్తగా ఈకలు పరుస్తుంది. కొన్ని స్వాలోలు వంతెనల కింద వందల గూళ్లతో కాలనీలే కట్టేస్తాయి. ఈ జంటకు అది నచ్చదు. తమ చోటుకు మరో జంటను రానివ్వదు.

అంటే దీని సంసారం సాగాలంటే ఒడ్డున కాస్త బురద, నీటి మీద నాలుగు పురుగులు ఉండాలి. అందం కోసమని చెరువు చుట్టూ కాంక్రీటు కట్టేస్తే ముందు మాయమయ్యేది ఆ బురదే.

సెలవు రోజున పిల్లలతో వెళ్లేవారు బైనాక్యులర్స్ పట్టుకెళ్తే మంచిది. గూడు కనిపిస్తే మాత్రం ఫొటో కోసం దగ్గరికి వెళ్లొద్దు. దూరం నుంచి చూస్తే చాలు, తల్లీతండ్రీ పిల్లలకు మేత తెచ్చిపెట్టడం కనిపిస్తుంది.