సర్ది రోజులు

2024 జూన్ 8, శనివారం

మృగశిర కార్తె. మా ఆయన పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కు వెళ్లి కొర్రమీను తెచ్చారు. ఈ రోజు చేప తింటే వానాకాలమంతా సర్దీ దగ్గూ దగ్గరికి రావని అత్తమ్మ నమ్మకం. చేప తినని పక్కింటివాళ్లు ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ మింగుతారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేపమందు ఇచ్చేదీ ఈవాళే. నమ్మకం ఎవరిది వాళ్లకు ఉండనీ, క్యూలో నిలబడ్డవాళ్లు ఇన్‌హేలర్ మాత్రం ఇంట్లో పెట్టి రాకూడదు.

జూలై 2, మంగళవారం

మోండా మార్కెట్‌లో కషాయానికి శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, కాస్త అతిమధురం కొన్నాను. తెల్లగా మెరిసే శొంఠికి సున్నం పూసి ఉంటుంది, అది వద్దు. మట్టిరంగులో గరుకుగా ఉండి, విరిస్తే ఘాటు ముక్కుకు తగలాలి. పిప్పళ్లకు పురుగు తొందరగా పడుతుంది కాబట్టి తక్కువే తీసుకున్నాను.

జూలై 12, శుక్రవారం

కాలేజీ నుంచి బాబు తడిసి వచ్చాడు. వాన వల్ల పడిశం రాదు, తరగతిలో పక్కవాడి తుమ్ము వల్ల వస్తుందని వాడికి చెబుతూనే తల తుడిచాను. రాత్రి మిరియాల చారు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, పల్చటి చింతపండు పులుసులో వేసి, పొంగు రాగానే దించేశాను. ఎక్కువ మరిగితే చేదెక్కుతుంది. రెండు గుక్కలకే వాడికి ముక్కు కారింది. మిరియం ఘాటు చేసే పని అదే, గడ్డకట్టిన చీమిడిని పల్చబరచి బయటికి తోస్తుంది. మిగతా మేలు వేడినీళ్లదీ, ఉప్పుదీ. అన్నం సయించని మనిషి కడుపులోకి నీళ్లు పోవాలంటే ఇంతకన్నా రుచైన దారి నాకు తెలియదు.

జూలై 13, శనివారం

వాడి స్నేహితుడు మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కోమని సలహా ఇచ్చాడట. ససేమిరా వద్దన్నాను. జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఊరికే మింగుతూ పోతే, నిజంగా అవసరం పడ్డ నాడు ఆ మందుకు లొంగని సూక్ష్మక్రిములు తయారవుతాయి. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్ముతున్న తీరు చూస్తే నాకు భయం, కోపం రెండూ కలుగుతాయి.

అత్తమ్మ జిందా తిలిస్మాత్ తీసింది. 1920లో హైదరాబాద్ హకీం ఒకరు తయారుచేసిన ఎర్రని మందు, అంబర్‌పేటలో ఇప్పటికీ చేస్తున్నారు. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు వాసన సీసా మూత తీయగానే ఇల్లంతా అందుకుంటుంది. పుదీనా పువ్వు ముక్కు దారిని నిజంగా పెద్దది చేయదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, అంతే, ఊపిరి ఆడుతున్నట్టు అనిపిస్తుంది. అర్ధరాత్రి నిద్ర పట్టనివాడికి ఆ అనిపించడం చిన్న మేలు కాదు. పసిపిల్లల ముక్కు దగ్గరికి మాత్రం కర్పూరం తేకూడదు. కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడమూ అంతే ప్రమాదం.

జూలై 15, సోమవారం

మా కాలనీలో ఒక పిల్లవాడికి ఆవిరి పడుతుండగా గిన్నె ఒలికి తొడ కాలిందట. విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. ఆవిరి ఉపశమనమే తప్ప జబ్బు మీద పనిచేసేదేమీ లేదు, దానికోసం పసివాడి ఒళ్లు కాలడమేమిటి? చిన్నపిల్లలకు మరిగే గిన్నె వద్దేవద్దు. బాత్‌రూములో వేడినీళ్లు వదిలి, తలుపేసి, పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంటే చాలు. పెద్దవాళ్లయినా గిన్నె నేల మీద పెట్టుకోవాలి, మంచం మీద కాదు.

జూలై 21, ఆదివారం

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడి దాకా వేపమండలే. రెండొందల ఏళ్ల కింద ఊళ్లో మహమ్మారి చెలరేగినప్పుడు, ఇక్కడి పటాలంతో ఉజ్జయిని వెళ్లిన డోలీ బోయీ సురిటి అప్పయ్య మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. కషాయం ఒక ఇంటికి, బోనం ఊరంతటికీ. బాబు దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదని వాణ్ణి జనంలోకి తీసుకుపోలేదు. అత్తమ్మ వెళ్లింది.

జూలై 24, బుధవారం

నిన్న రాత్రి నుంచి అత్తమ్మకు జ్వరం, ఒళ్లు నొప్పులు. "గీ సర్దికి దవాఖానెందుకు బిడ్డా, కషాయం తాగితే తగ్గుతది" అంది. కషాయం ఇచ్చాను. కానీ ఇది పడిశం తీరు కాదు. పడిశం గొంతు గరగరతో మెల్లగా మొదలవుతుంది, ఫ్లూ ఒక్క పూటలో మంచాన పడేస్తుంది. డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది. సాయంత్రానికి మాట మగతగా వస్తోంది, ఊపిరి పైపైకి తీస్తోంది. ఇక ఆగలేదు, ఆటో పిలిచాను.

జూలై 25, గురువారం

ఫ్లూనే. డాక్టరు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు రాశారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే దాని ఫలితం ఎక్కువ. ఫ్లూ ఈ ఊరికి కొత్త కాదు, 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. ఆ వైరస్సే ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూలలో ఒకటైపోయింది.

జూలై 28, ఆదివారం

జ్వరం దిగింది. అత్తమ్మ కషాయానికే పేరు ఇస్తోంది, నేను కాదనలేదు. రోజూ నాలుగు పూటలా నీళ్లు తాగిందంటే ఆ కషాయం వల్లే.

కానీ ఒక్కటి మనసులో తిరుగుతోంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఈ దేశంలో కోటి మందికి పైగా పోయారు. అప్పుడూ వంటింటి డబ్బాల్లో మిరియాలున్నాయి, పెరట్లో తులసి ఉంది, చెయ్యి తిరిగిన ముసలమ్మలున్నారు. ఇళ్లకిళ్లు పడకేశాక పొయ్యి వెలిగించేందుకు మాత్రం ఎవరూ మిగల్లేదు. మందు ఎంత పాతదైనా దాన్ని కాచేందుకు లేచి తిరిగే మనిషి ఒకరు కావాలి, ఊపిరి ఎలా ఉందో చూస్తూ పక్కన కూర్చోవాలి.

ఆగస్టు 3, శనివారం

ఈసారి నాకు. గొంతు గరగర, ముక్కు దిబ్బడ, ఉత్త పడిశమే. మా ఆయన రైల్ నిలయం నుంచి వస్తూ అల్లం, నిమ్మకాయలు తెచ్చారు. బాబు పొయ్యి దగ్గర, అత్తమ్మ కుర్చీలో.

"గన్ని మిరియాలేస్తే మీ అమ్మ గొంతు మండుతది, ఒక్క చెంచడు చాలు."

"మరిగించాలా నానమ్మా?"

"ఒక్క పొంగు."

చారు కాస్త పులుపెక్కింది. రెండు గ్లాసులు తాగాను. వాడికి ఉప్పునీళ్ల పుక్కిలి, తడి గుడ్డ వేయడం కూడా నేర్పాలి. అత్తమ్మకు వచ్చే ఏడు వానలకు ముందే, మేలోనే, ఫ్లూ టీకా వేయించాలి. వైరస్ ఏటా రూపు మారుస్తుంది గనక ఒక్కసారి వేసి ఊరుకుంటే సరిపోదు. ఊళ్లో నాన్నకు కూడా ఫోన్ చేసి చెప్పాలి.