తణుకున నొక గుర్రపుసాల

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు గోదావరి డెల్టా వరిమడులకు నెలవై, ఏడాదిలో అధికభాగము తడిసియే యుండుటచే, ఎద్దునకును దున్నకును అనువైన యీ నేల గట్టిచోటు కోరు గుర్రమునకు సహజమైన తావు కాదు. అయినను రైలు దిగినవారిని జట్కా యింటికి చేర్చిన కాలమొకటి మన పట్టణములకు కలదు. ఆ జట్కా తోలు వృత్తి నుండి వచ్చిన సాయిబుగారొకరు తణుకులో పెండ్లి ఊరేగింపులకై గుర్రములను పెంచుచున్నారని విని, ఒక యుదయమున వారి సాలకు వెళ్లితిని.

సాల నేలను ఎత్తుచేసి యిసుక పరచినారు. తడి నిలిచినచో డెక్క అడుగుననుండు మెత్తని భాగము కుళ్లునట. అందొక మూల, ఏడాదిన్నర వయస్సుగల ఎఱ్ఱని పిల్ల కట్టివేయబడియున్నది. గుర్రమునకు కన్నులు ప్రక్కలనుండుటచే, నుదుటి కెదురుగా మిక్కిలి దాపున నున్నదియు, తోకకు సరిగా వెనుక నున్నదియు దానికి కానరాదు. కావుననే సాయిబుగారు పేరుపెట్టి పిలుచుచు భుజము వైపునుండి చేరి, మెడపై వేసిన చేతిని తీయకయే ముంగాలి మీదుగా గిట్టవరకు జార్చి, కాలెత్తినారు. పిల్ల విదిల్చినది. ఆయన బిగింపను లేదు, వదలను లేదు. కాలు సడలిన క్షణముననే దానిని మెల్లగా నేలకానించినారు.

“రేపు లాడం కొట్టేవాడి చేతిలో ఈ కాలు పెట్టాలి కదండీ బాబూ! తాడు కూడా అంతేనండి. లాగితే ఎదురు లాగుద్ది. అడుగేసిందనగానే వదిలెయ్యాలండి,” అన్నారు.

శిక్షణ మర్మమంతయు ఆ వదలుటయందే యున్నదని నాకు తోచినది. నన్నయ తమవాడని చెప్పుకొను ఊరిది; ఆయన ఆరణ్యపర్వమున నలుడు ఋతుపర్ణునకు అక్షహృదయమునకు మారుగా నొసగిన అశ్వహృదయము ఇట్టిదే కాబోలు! క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దమున గ్రీకు సేనాని జెనోఫన్ తన అశ్వశిక్షాగ్రంథమున, కోపముతో గుర్రముతో వ్యవహరింపరాదనియు, పిల్లను జనసమ్మర్దమునకు మెల్లగా అలవరుపవలెననియు వ్రాసినాడు. సాయిబుగారు దీనిని తండ్రి చేతినుండి నేర్చినారు: పిల్ల ఉలవగుగ్గిళ్లు తినుచుండగా దూరమున డోలు కొట్టించి, అది చెవులు రిక్కింపక తినునంతవరకు ఆగి, పిదపనే డోలును దగ్గరకు జరిపింతురు.

అమరసింహుడు తన నిఘంటువున ధారలని పేర్కొన్న అశ్వగతు లైదింటిలో ఒక్కటియు నింకను దీనికి నేర్పలేదు. నడకయు, నిలుకడయు మాత్రమే నేటి పాఠములు. మోకాలి యెముకలు కుదురుకొనుటకు సుమారు రెండున్నరేండ్లును, వెన్నెముకకు ఐదేండ్లకు పైబడియును పట్టుటచే, నాలుగేండ్లు నిండనిదే వీపున జీను వేయనని ఆయన నియమము. ఆదాయము లేని యిన్ని యేండ్లు మేత పెట్టుట చిన్న త్యాగము కాదు.

పెండ్లికి గుర్రమును మాట్లాడుకొను గృహస్థులకు నా విన్నపమొక్కటే: బేరమునకు ముందు దాని వయస్సడుగుడు, పండ్లు చూపింపుమనుడు, ముందరి పాలపండ్లు ఇంకను రాలని పిల్లపై వరుని ఎక్కింపకుడు.