దారి చూచి బండి

మన తిరువూరు రెండు రాష్ట్రముల సరిహద్దున నున్న ఊరు. ఒకవైపు కొద్దిదూరము పోయిన తెలంగాణలోని ఖమ్మము జిల్లా వచ్చును. మరియొకవైపు ఎ. కొండూరు, మైలవరము, ఇబ్రహీంపట్నము మీదుగా సుమారు 75 కిలోమీటర్లు పోయిన విజయవాడ చేరుదుము. ఈ దారికి ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి యని పేరు. పూర్వము 221 అనెడివారు. భద్రాచలము వైపునుండి వచ్చు లారీలు, వేసవిలో తోటలనుండి దిగు మామిడికాయల బండ్లు, బస్సులు, ఆటోలు అన్నియు దీనిమీదనే నడచును. ఇట్టి దారిప్రక్క కాపురముండువారము గనుక బండ్లనుగూర్చి నాలుగు మాటలు వ్రాసినచో మీరు విసుగుకొనరని తలంచుచున్నాను.

ఒకప్పుడు మన పల్లెలలో కారు వచ్చినదనగా పిల్లలు వెంట పరుగెత్తెడివారు. ఇప్పుడు పట్టణములో పని దొరికిన చిన్నవాడు మొదట కొనునది సెకండుహ్యాండు కారు. అందులో కొందరికి మరియొక ముచ్చట కలుగుచున్నది. అది బండిని నేలకు దగ్గరగా దింపించుట. చక్రముపై రెక్క ఆనినట్లుగా, రోడ్డును రాచుకొని పోవుచున్నట్లుగా కనబడవలెనని వారి కోరిక. మీ యింటనో, మీ పొరుగింటనో అట్టి చిన్నవాడు ఉండవచ్చును. వానిని గద్దించుటకు ముందు సంగతి యేమో తెలిసికొనుట మేలు గదా!

మన దేశమున అమ్ము చిన్నకార్లకు అడుగుభాగము నేలకు సాధారణముగా 160 మొదలు 180 మిల్లీమీటర్ల ఎత్తున ఉండును. అనగా జానెడుకు కొంచెము తక్కువ. దింపించిన బండిలో అది 100 మిల్లీమీటర్లకు, అనగా బెత్తెడుకు కొంచెము ఎక్కువకు వచ్చును. అందులో అయిదుగురు కూర్చుండి, వెనుక మూటలు పెట్టినయెడల ఇంకను దిగును.

బండిని దించుటకు మంచి పద్ధతులు లేకపోలేదు. పొట్టి స్ప్రింగులు, వాటికి తగిన షాకులు కలిపి వేయువారు ఉన్నారు. అయితే తక్కువ డబ్బుతో పని కావలెననువారు ఉన్న స్ప్రింగునే ఒకటి రెండు చుట్లు కోయించుచున్నారు. స్ప్రింగు పని గుంతను మ్రింగుట. చక్రము గుంతలో పడి లేచునప్పుడు ఆ దెబ్బ బండికి తగులకుండ స్ప్రింగు అణగి, మరల సాగును. దానిని కోసినప్పుడు అణగుటకు చోటు తగ్గును, బిరుసు పెరుగును. అప్పుడు దెబ్బ నేరుగా బండికిని, కూర్చున్నవారి నడుములకును తగులును. చక్రములు లోపలికి వాలి టైర్ల లోపలి అంచు త్వరగా అరుగును. ఎత్తుమీద చక్రము వ్రేలాడినప్పుడు కోసిన స్ప్రింగు తన చోటునుండి జారుటయు కలదు.

ఈ ముచ్చట మన దేశమున పుట్టినది కాదు. 1940వ దశాబ్దములో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో, మెక్సికో సంతతి యువకులు పాత కార్లను కొని, వెనుక ఇసుకసంచులు వేసియు, స్ప్రింగులు కోసియు క్రిందికి దించి, మెల్లగా వీధులలో నడిపించెడివారు. 1958లో ఆ రాష్ట్రమువారు చక్రపు రిమ్ము అడుగుకంటె క్రిందికి బండిభాగమేదియు దిగరాదని చట్టము చేసిరి. వెంటనే 1959లో వారిలో ఒకడు విమానముల నూనె పంపులు అమర్చి, మీట నొక్కగానే బండి లేచునట్లును దిగునట్లును చేసెను. ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీవారు 1955లోనే, కావలసినంత ఎత్తునకు లేవగల డి.ఎస్. అను కారును అమ్మకమునకు తెచ్చియుండిరి. దిగిన బండికి లేచుట కూడ తెలిసియుండవలెనని వారు తలంచినారు. మన చిన్నవారు దిగుట మాత్రమే నేర్చుకొనిరి.

మా అక్కకుమారుడొకడు విజయవాడలో ఉద్యోగము చేయుచున్నాడు. రెండు సంవత్సరముల క్రిందట అట్లు దింపిన కారొకటి కొని తెచ్చెను. మెఱుగు పెట్టిన వెండిగిన్నెవలె ఉన్నది. నేను చుట్టు తిరిగి చూచి, “ఏరా అబ్బాయీ, ఇది మన రోడ్లమీద ఎట్లు నడుచునురా?” అని అడిగితిని.

“నడుచు రోడ్లమీదనే నడిపెదను మామయ్యా. నడువని రోడ్లు నాకు తెలియును” అనెను.

నిజముగనే వానికి తెలియును. విజయవాడలో ఏ సందులో పైపులకొఱకు త్రవ్వి పూడ్చక విడిచినారో, ఏ రైలువంతెన క్రింద వాననీరు నిలుచునో, ఏ మలుపున మురుగుకాలువ మూత రోడ్డుకంటె పైకి లేచియున్నదో వానికి కంఠపాఠము. వన్ టౌను ఇరుకువీధులలోనికి పోవలసివచ్చినయెడల బండిని వెలుపలనే నిలిపి ఆటో ఎక్కును. రెండు కిలోమీటర్లు చుట్టైనను పెద్దరోడ్డుననే పోవును. ఈ జాగ్రత్త వలన వానికి కలిగిన జ్ఞానము అందరికిని పనికివచ్చునది గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదటిది స్పీడు బ్రేకరు సంగతి. ఎత్తు ఎక్కువైనదే చెడ్డదని మనము తలంతుము. అది పూర్తిగా నిజము కాదు. భారత రోడ్ల కాంగ్రెసువారు 1988లో ఇచ్చిన నియమము ప్రకారము గుండ్రని స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తును, 3.7 మీటర్ల వెడల్పును ఉండవలసియుండెను. చిన్నకారు ముందు చక్రములకు, వెనుక చక్రములకు నడుమ దూరము సుమారు 2.4 మీటర్లే. కనుక అట్టి గుట్టమీదికి నాలుగు చక్రములును ఎక్కి బండి అంతయు కలిసి లేచును. లెక్క కట్టి చూచినయెడల నడుమ భాగమున పోవు ఎత్తు నాలుగు సెంటీమీటర్లకు కొంచెమే ఎక్కువ. దించిన బండియైనను మెల్లగా దాటును. కాని వీధివారు చందా వేసికొని రాత్రికి రాత్రి పోసిన సిమెంటు దిమ్మ మూరెడు వెడల్పే ఉండును. ముందు చక్రములు దిగిపోవును, వెనుక చక్రములు ఇంకను ఎక్కలేదు. అప్పుడు దిమ్మ ఎత్తంతయు బండి కడుపు క్రిందికి వచ్చును. కనుక ఎత్తును మాత్రమే గాక వెడల్పును చూడవలెను.

రెండవది బ్రేకు సంగతి. బ్రేకు నొక్కినప్పుడు బండి ముక్కు క్రిందికి వంగును. గుంతలోగాని దిమ్మమీదగాని పడునప్పుడు బ్రేకు నొక్కియుంచినచో, ఉన్న కొద్ది ఎత్తును పోగొట్టుకొందుము. ముందే వేగము తగ్గించి, చక్రము తగులుటకు ముందు బ్రేకు విడువవలెను.

మూడవది పొరుగువాని సంగతి. గుంతను తప్పించుటకు చటుక్కున ప్రక్కకు త్రిప్పరాదు. ప్రక్కన మోటారుసైకిలుపై భార్యాబిడ్డలతో పోవువాడు ఉండవచ్చును. గుంతలో పడిన బండికి మరమ్మతు కలదు. త్రిప్పినప్పుడు తగిలిన మనిషికి ఏమి మరమ్మతు చేయగలము? అట్లే హైవేమీద హఠాత్తుగా నిలువరాదు. వెనుక వచ్చు లారీ మన బండి పొట్టిదని ఎరుగదు.

నాలుగవది నీటి సంగతి. నీరు నిలిచినచోట అడుగు కనబడదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ వీధులలో పడవలు తిరిగినది మీరందరు ఎరుగుదురు. అంతటి వరద కాకపోయినను, మోకాటిలోతు నీరైనను దిగిన బండి లోనికి పోవును. నీరు ఇంజనులోనికి పీల్చబడిన పిదప బాగుచేయుట బహు కష్టము. మన ప్రాంతములో నల్లరేగడి ఉన్నచోట మరియొక చిక్కు. ఆ నేల తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు నెఱ్ఱెలు విడుచును. పైనున్న రోడ్డు అలలవలె లేచి దిగును. నిన్న బాగున్న దారి వాన వెలిసిన పిదప అట్లే ఉండునని నమ్మరాదు. ముందు పోయివచ్చిన ఆటోవానిని అడుగుట ఉత్తమము.

ఇంత తెలిసిన మా చిన్నవానికిని దెబ్బ తప్పలేదు. ఒక రాత్రి క్రొత్తగా పోసిన దిమ్మను గమనింపక దాటెను. క్రింద ఏదో టంగుమని మ్రోగినది. కొంతదూరము పోగా ఎదుట చిన్న ఎఱ్ఱదీపము వెలిగెను. ఇల్లు దగ్గరనే గదా యని అట్లే పోనిచ్చెను. ఇల్లు చేరకయే ఇంజను పట్టివేసెను. మెకానిక్కు పండుకొని చూచి, చాంబరు పగిలి ఆయిలంతయు కారిపోయినదని చెప్పెను. చదువరులారా, మీరు ఏ బండి నడిపినను ఈ ఒక్కమాట మరువవద్దు. ఆయిలు గుర్తుగల ఎఱ్ఱదీపము వెలిగినయెడల ఆ క్షణమే ఇంజను ఆపవలెను. చాంబరు పగిలిన ఖర్చు కొద్దిది. ఆయిలు లేక నడిపిన ఇంజను ఖర్చు మిక్కుటము.

చట్టము కూడ ఈ ముచ్చటకు అనుకూలము కాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు మొదట నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించిన వివరములకు భేదము కలుగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని గట్టిగా నిలిపినది. అదే సంవత్సరము చేసిన సవరణ ప్రకారము, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలలవరకు జైలుగాని, రెండును గాని ఉండవచ్చును.

ఇదంతయు బండి నష్టము. దీనికంటె పెద్ద నష్టము మరియొకటి ఉన్నది. అందుకొఱకే ఈ వ్యాసము వ్రాయ మొదలుపెట్టితిని.

మా అక్క గంపలగూడెము వైపు ఒక చిన్నపల్లెలో ఉండును. పెద్దరోడ్డునుండి ఆ పల్లెకు సుమారు రెండు కిలోమీటర్లు కంకర దారి. నడుమ ట్రాక్టర్ల చక్రపు గాడులు, వాటి మధ్య గట్టు. లారీకి, ఆటోకు, ఎడ్లబండికి అది దారియే. మా చిన్నవాని కారుకు కాదు. మొదటి నెలలో వాడు తిరువూరు వచ్చి, మా యింట బండి నిలిపి, ఆటోలో తల్లిని చూడబోయెను. తరువాత, “అమ్మా, నీవే ఆటోలో మామయ్య యింటికి రమ్ము” అని ఫోను చేయసాగెను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినను కుమారుని చూడవలెనను ఆశతో, గిన్నెలో పులుసు, సంచిలో మామిడికాయలు పెట్టుకొని ఆటోలో ఎగిరెగిరి పడుచు వచ్చెడిది. కొన్నాళ్లకు ఆ పిలుపును తగ్గెను. వానికి తల్లిమీద ప్రేమ తగ్గలేదు. బండి పోలేని దారులన్నియు వాని మనస్సులోనుండి మెల్లగా చెరిగిపోవుచుండెను. ఆ చెరిగిన దారులలో తల్లి యిల్లు ఒకటి.

ఒక శ్రావణ మాసపు రాత్రి ఆమెకు జ్వరము ఎక్కువై, పొరుగువారు ట్రాక్టరు మీద పెద్దరోడ్డుకు చేర్చి, అక్కడనుండి ఆటోలో తిరువూరు ఆసుపత్రికి తీసికొనివచ్చిరి. చిన్నవాడు ఆ దినము మా యింటనే ఉన్నాడు, కారు మా గుమ్మము ముందే ఉన్నది. పల్లెవారు ఎవ్వరును వానిని పిలువలేదు. ఎందుకు పిలువలేదని వాడు అడుగగా, ఆ ట్రాక్టరు తోలినవాడు నొచ్చుకొనునట్లు గాక సహజముగానే, “నీ బండి రాదు గదా బాబూ” అనెను.

దేవుని దయవలన ఆమె మూడు దినములలో కోలుకొనెను. చిన్నవాడు చాలసేపు ఆసుపత్రి వసారాలో మాట్లాడక కూర్చుండెను. నేనును ఏమియు అనలేదు. ఆ మాట కంటె గట్టిమాట నాయొద్ద లేదు. మరుసటి నెలలో వాడు క్రొత్త స్ప్రింగులు, షాకులు వేయించి బండిని కంపెనీ ఎత్తునకు తెచ్చుకొనెను. చూచుటకు మునుపటి అందము లేదని వాని స్నేహితులు అందురట. ఇప్పుడు ఆ కారు అడుగున కంకర గీతలు ఉన్నవి. నెలకు రెండుమార్లు మా అక్క గుమ్మము ముందు దుమ్ముతో నిలుచును.

ప్రియ చదువరులారా, చెడ్డ దారులను తప్పించుకొనుట తెలివియే. క్రొత్త ఊరిలో, రాత్రివేళ, వానలో తప్పించుకొనవలసినదే. కాని ఏ దారిని తప్పించుకొనుచున్నామో, ఆ దారి చివర ఎవరున్నారో చూచుకొనుట అంతకంటె తెలివి. మనము కొన్న వస్తువు మన రాకపోకలను నిర్ణయింప మొదలుపెట్టునది చాల మెల్లగా జరుగును. అది కారే కానక్కరలేదు. నలగకూడని చీర వలన కూలివాని యింట చాపమీద కూర్చుండలేము. మాయకూడని చెప్పుల వలన వాన కాలములో రోగిని చూడబోలేము.

కనుక మీ యింటి చిన్నవాడు బండి దింపించెదనని అడిగినయెడల కోపపడవద్దు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాడు పోవలసిన ఇండ్ల పేర్లు ఒక కాగితముమీద వ్రాయించుడి. అమ్మమ్మ యిల్లు, పొలము, పాలేరు గుడిసె, పాత పంతులుగారి యిల్లు, ఆసుపత్రి అన్నియు వ్రాయించుడి. ఆ ఇండ్లకు పోవు దారులను వానితో కలిసి ఒకమారు నడువుడి. అటుపిమ్మట బండి ఎంత ఎత్తున ఉండవలెనో వాడే చెప్పును.