పైపు సరే, కప్పు ఎన్నో నంబరు?

మేడ మెట్లకి స్టీలు రేలింగ్ పెట్టిస్తున్నారట కదా! డిజైన్ల పుస్తకం అలా పక్కన పెట్టండి. ముందు పైపు సంగతి చూద్దాం.

షాపులో "304 అండీ, గ్యారంటీ" అంటారు. మీరు జేబులోంచి అయస్కాంతం తీసి ఆనిస్తారు. అంటుకోలేదు, మీకు సంతోషం. అమ్మేవాడికి ఇంకా సంతోషం, ఎందుకంటే 202 రకం కూడా అంటుకోదు! అయస్కాంతానికి దొరికేది 430 లాంటి రకాలే. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. నికెల్ ఖరీదెక్కువ కాబట్టి 202లో దాన్ని ఇంచుమించు సగానికి కోసి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. షాపులో రెండూ ఒకేలా తళతళలాడతాయి. నాలుగు వానలు పడ్డాక గానీ అసలు రంగు బయటపడదు. మాంగనీసు ఎక్కువుంటే ఎర్రబడే చుక్కల మందు ఒకటుంది, చిన్న బ్యాటరీ ఆనించి పరీక్షిస్తారు. మొహమాటపడకుండా చుక్క వేసి చూపించమనండి. విశాఖలో సముద్రం ఎదురుగా ఇల్లయితే 304కి కూడా గోధుమరంగు మరకలు తప్పవు. అక్కడ మాలిబ్డినం కలిసిన 316 కావాలి. ఖమ్మంలో కూర్చుని 316 అడిగితే మాత్రం, నన్నడిగితే, డబ్బు దండగ.

ఇక గేజి. అంకె పెరిగితే పైపు గోడ పలచన అవుతుంది. 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20కి వచ్చేసరికి 0.9. చేత్తో పట్టుకుని ఎక్కే రేలింగ్‌కి 16 తీసుకోండి. 20 గేజి పైపుని అతికి, గ్రైండ్ చేసి, బఫింగ్ కూడా కొడితే ఇక మిగిలేదేముంది? కాలిపర్ పెట్టి కొలిచే కొనుక్కోండి.

పైపు బాగా కొన్నారు. ఇప్పుడు ఆర్గాన్ వెల్డింగ్ చేసే ఆయన టార్చి చివర చూడండి. గులాబీరంగు సిరామిక్ గొట్టం ఒకటి ఉంటుంది, అదే కప్పు. దీని నంబరు గేజికి సరిగ్గా తిరగేసి నడుస్తుంది, పెరిగేకొద్దీ మూతి వెడల్పు. అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే, మూతి ఎన్ని భాగాలుందో అదే నంబరు. 4 అంటే పావంగుళం, 8 అంటే అరంగుళం. మీ పైపుల బిల్లు పక్కన దీని ధర లెక్కలోకే రాదు. అయినా మీ 304 అతుకు దగ్గర 304గా మిగులుతుందో లేదో తేల్చేది ఇదే.

ఎలాగంటారా? స్టీలుని తుప్పు నుంచి కాపాడేది పైనుండే సన్నటి క్రోమియం ఆక్సైడు పొర. కాలుతున్న లోహానికి గాలి తగిలితే పైన నల్లటి మసి కడుతుంది, పైపైన ఉన్న క్రోమియం దానికే ఖర్చయిపోతుంది, దాని కింద క్రోమియం తక్కువైన పొర మిగులుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. 1941లో అమెరికాలో నార్త్రప్ విమానాల కంపెనీలో రసెల్ మెరిడిత్ ఈ వెల్డింగ్ పద్ధతిని మలిచింది కూడా గాలిని దూరం పెట్టడానికే. ఆయన అతకాల్సింది మెగ్నీషియం, గాలి తగిలితే భగ్గుమనే సరుకు! ఆయన వాడింది హీలియం. మనవాళ్లు వాడేది ఆర్గాన్, గాలికంటే బరువు, అతుకు మీద నిలకడగా పరుచుకుంటుంది. అది పరుచుకునే మేర ఎంతో కప్పు మూతి చెబుతుంది. అతుకు బంగారు రంగులో వస్తే బేషుగ్గా కాపాడినట్టు. ముదురు నీలం దాటి బూడిదరంగులోకి దిగితే గాలి దూరినట్టే.

మీ రేలింగ్‌కి 7 లేదా 8 నంబరు కప్పు సరిపోతుంది, గ్యాస్ నిమిషానికి 8 లీటర్ల దరిదాపుల్లో. ఎక్కువ వదిలితే ఇంకా మంచిదనుకోకండి. కుళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు చిందరవందరైనట్టు గ్యాస్ సుడులు తిరిగి, చుట్టూ ఉన్న గాలిని తనే లోపలికి లాక్కుంటుంది. పైపుల మధ్య ఇరుకు మూలల్లో కప్పు దూరదు, కప్పు మధ్యలోని టంగ్‌స్టన్ ముల్లుని బయటికి సాగదీయాల్సి వస్తుంది. దానికి గ్యాస్ లెన్స్ కావాలి. సన్నటి జాలీల్లోంచి గ్యాస్‌ని వడగట్టి, చెదరకుండా దూరం దాకా పంపుతుంది. ఇది లేకుండా మూలలు అతికేవాళ్లని చూస్తే నాకు పైపు మీదే జాలేస్తుంది. ఆర్క్ ఆగగానే టార్చి ఎత్తేసేవాళ్లని చూసినా అంతే, ఇంకా వస్తున్న గ్యాస్ ఆ వేడి అతుకు కోసమే. ఇక మే నెల ఎండలో పక్కనే పెడస్టల్ ఫ్యాను పెట్టుకుంటే, ఏ నంబరు కప్పూ ఏమీ చేయలేదు.

పైపు లోపలి వైపు మాటేమిటని అడుగుతారేమో. మందుల ఫ్యాక్టరీల్లో, పాల డెయిరీల్లో గొట్టాల లోపల కూడా ఆర్గాన్ నింపి అతుకుతారు, లేకపోతే లోపల నల్లటి గరుకు కడుతుంది. మీకంత అక్కర్లేదు, కరిగిన లోహం పైపు గోడ దాటి లోపలికి దిగకుండా చూసుకుంటే చాలు. ఒక్క బెజ్జం మాత్రం మరిచిపోవద్దనండి. రెండు పక్కలా మూసుకుపోయిన పైపులో గాలి వేడెక్కి ఉబ్బుతుంది, అతుకు ఆఖరి అరంగుళంలో కరిగిన లోహాన్ని చిమ్ముకుంటూ బయటికొస్తుంది. అడ్డపైపు వచ్చి కూర్చునే చోటే నిలువు పైపుకి 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయిస్తే, గాలికి దారి దొరుకుతుంది, మీ ఇంటికొచ్చినవాళ్ల కంటికి కనపడదు.