సైలెన్సర్ లోపల ఏముంది?

మన కాలేజీ పార్కింగ్‌లో ఎవరైనా సైలెన్సర్ గురించి మాట్లాడుతున్నారంటే అది సౌండ్ పెంచడం గురించే. లోపలి జాలీ తీసేస్తే ఎలా ఉంటుంది, బయట పైపు కొంటే ఎంతవుతుంది, ఇదే టాపిక్. ఈ సెలవుల్లో మా ఇంట్లో మాత్రం కథ పూర్తిగా రివర్స్‌లో నడిచింది.

మాది రాజమండ్రి. నాన్నకి పూల కొట్టు ఉంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికల్లా కడియపులంక పూల మార్కెట్‌కి బయల్దేరతారు. వచ్చేటప్పుడు బండికి రెండు వైపులా చామంతి, బంతి మూటలు. తర్వాత పగలంతా ఊళ్లోనే తిరుగుడు. ఈ గుడికి దండలు, ఆ ఇంటికి విడిపూలు. బండి 2013 మోడల్, 125 సీసీ.

శ్రావణమాసానికి రెండు వారాల ముందు ఇంటికొచ్చాను. మర్నాడు తెల్లవారుజామున గేటు చప్పుడైంది కానీ బండి స్టార్ట్ అయిన చప్పుడు రాలేదు. కిటికీలోంచి చూస్తే నాన్న బండిని తోసుకుంటూ వెళ్తున్నారు. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కాకే స్టార్ట్ చేశారు. అంత దూరం నుంచి కూడా ఆ మోత ఇంట్లోకి వినిపించింది.

"సైలెన్సర్‌కి చిల్లు పడిందిరా. ఎదురింట్లో బాలింత ఉంది కదా, పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తోందట" అంది అమ్మ. అప్పటికి పది రోజులుగా ఇదే పని. నాన్నకి మోకాళ్ల నొప్పులు. పైగా చిల్లులోంచి తన్నే వేడికి ఒక వైపు మూటలో పూలు కమిలిపోతున్నాయి.

నాన్న లెక్క సింపుల్. మూడు వందలు పెట్టి వెల్డింగ్ చేయిస్తే శ్రావణం గడిచిపోతుంది. నేను కొత్తది వేయిద్దాం అన్నాను. కంపెనీదైతే నాలుగు వేలకి దగ్గర. "సీజన్ ముందు సరుక్కి డబ్బులు కావాలి నాన్నా" అన్నారు. శ్రావణ శుక్రవారాలు మా కొట్టుకి ఏడాది మొత్తంలో ముఖ్యమైన రోజులు. ఆయన మాటా నిజమే.

ఇద్దరం మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాం. బండి చల్లారాక ముందు నట్లకి ఆయిల్ పట్టించి కాసేపు వదిలేశాడు. తుప్పు పట్టిన నట్టుని బలవంతంగా తిప్పితే ఇంజన్ హెడ్‌కి ఉన్న స్టడ్ విరిగిపోతుందట. అది ఇంకో తలనొప్పి. విప్పాక స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో చోట కొట్టుకుంటూ వచ్చాడు. బాగున్న చోట 'టంగ్' అంటోంది. అడుగున 'డప్' అంది. మొన పెట్టి నొక్కితే రేకులోకి దిగిపోయింది. ఒకచోట కాదు, మూడు చోట్ల.

"అన్నయ్యా, వెల్డింగ్ పట్టాలంటే రేకు ఉండాలిగా. ఇవాళ ఇక్కడ అతికిస్తే వారానికి పక్కన పోతుంది" అన్నాడు. ఎం-సీల్ పెడితే అని అడిగాను. ఆ వేడికి అది నిలవదని నవ్వాడు. చిల్లు ఒక్కటే ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే గ్యాస్ వెల్డింగ్ సరిపోతుందట. తుప్పు తిన్న పల్చటి రేకు మీద ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు ఇంకా పెద్దదవుతుందట.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కొత్తదే వేసెయ్" అన్నారు. సగం డబ్బులు ఇప్పుడు, సగం వరలక్ష్మీ వ్రతం అయ్యాక. ఇంజన్ దగ్గర ప్యాకింగ్ కూడా కొత్తదే వేశాడు బాబాయ్. పాతది మళ్లీ వాడితే అక్కడ లీకై పటపటమంటుందట.

పాత సైలెన్సర్‌ని నా కోసం గ్రైండర్‌తో నిలువునా కోసి చూపించాడు. బయటికి ఒక్క గొట్టమే గానీ లోపల మూడు గదులున్నాయి. మధ్యలో అడ్డుగోడలు, చిల్లుల పైపులు. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి బయటికెళ్తుంది. గోడలకి తగిలి వెనక్కొచ్చిన శబ్ద తరంగాలు ఎదురొచ్చేవాటితో కలిసి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్‌లో చిప్ చేసే పనిని ఇక్కడ ఒక రేకు డబ్బా చేస్తోంది. కోడ్ లేదు, బ్యాటరీ లేదు.

ఇంకో సంగతి. తుప్పు బయటి వాన వల్లే కాదు, లోపల్నుంచి కూడా పడుతుంది. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కదా, అదీ లెక్క. దూరం వెళ్తే సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ నీరు ఆవిరిగా పోతుంది. వీధికోసారి ఆగుతూ తిరిగే బండిలో లోపలే నిలుస్తుంది. అంటే పగలంతా నాన్న వేసే దండల ట్రిప్పులే ఆ రేకుని తినేశాయి. చాలా సైలెన్సర్ల అడుగున సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. అది ఆ నీరు కారిపోవడానికే. చిల్లు అనుకుని మూయించకండి.

రూల్స్ కూడా వెతికాను. 80 నుంచి 175 సీసీ దాకా ఉండే బైకులకి తయారీలో పెట్టిన శబ్ద పరిమితి 77 డెసిబెల్స్. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద ఫైన్ 10,000 దాకా వేయొచ్చు. విశాఖలో అయితే పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించారు. నాన్నకి ఈ సెక్షన్లేవీ తెలీవు. ఆయన పది రోజులు బండి తోసింది ఫైన్‌కి భయపడి కాదు.

కోసిన సైలెన్సర్ ఫోటో మా హాస్టల్ గ్రూప్‌లో పెట్టాను. జాలీ తీయించుకున్న ఫ్రెండ్ ఒకడు "లోపల ఇంత పని ఉందారా?" అని అడిగాడు. ఎదురింటి పాప సంగతి కూడా చెప్పాను. వాడు జాలీ మళ్లీ పెట్టిస్తాడో లేదో వాడిష్టం.

కొత్తది వేసిన మర్నాడు నేను లేచేసరికి ఏడైంది. అమ్మ దండలు కడుతోంది, గది నిండా చామంతి వాసన. నాన్న గేటు దగ్గరే బండి స్టార్ట్ చేసుకుని వెళ్లారట. నాకు వినపడనే లేదు.