మెయిన్ దించారు... ఇంట్లోవాళ్ళకు చెప్పారా?

ఇంటికి మెకానిక్ వస్తున్నాడంటే మనకు ముందు ఏం గుర్తొస్తుంది చెప్పండి? బీరువాకు తాళం వేశామా, చార్జి ఎంత అడుగుతాడో, ఎంతకి బేరమాడాలి - ఇవే కదూ! నేనూ అంతే. పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగింది చదివితే మీరు ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నకరికల్లు. మే నెలలో పల్నాడు ఎండలెలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు ఉక్కకు తట్టుకోలేకపోతున్నారని ఏసీ కొన్నాం. బిగించడానికి నరసరావుపేట నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. మావారు ఊళ్ళో లేరు. ఏసీకి వేరే ప్లగ్ పాయింటు కావాలని, "అక్కా, మెయిన్ దించుతున్నా" అన్నాడు పెద్దతను. "సరే బాబూ" అని మజ్జిగ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. పక్కగదిలో కునుకు తీస్తున్న అత్తయ్యగారికి ఓ మాట చెబుదామని తోచలేదు నాకు.

ఫ్యాను ఆగేసరికి ఆవిడకు మెలకువ వచ్చింది. వరండాలోకొచ్చి చూస్తే ఎదురింట్లో ఫ్యాను తిరుగుతోంది, మన మెయినేమో కిందికి దిగి ఉంది. దానంతటదే పడిపోయిందనుకుని పైకి ఎత్తేశారు.

ఒక్కటే కేక! గ్లాసు వదిలేసి పరిగెత్తాను. కుర్రాడి చెయ్యి వైరుకు అతుక్కుపోయి ఒళ్ళంతా వణుకుతోంది. భుజం పట్టి లాగబోయాను. "ముట్టుకోకండక్కా! మెయిన్ దించండి!" అని అరిచాడు రెండో అబ్బాయి. ఆ అరుపే లేకపోతే ఇవాళ ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదేమో. మెయిన్ దించగానే అతను స్టూలు మీంచి కింద పడ్డాడు.

108కి ఫోన్ చేశాం. వేళ్ళు కమిలాయి తప్ప మాట్లాడుతున్నాడు. "బాగానే ఉన్నానక్కా, ఆస్పత్రి ఎందుకు" అన్నాడు. వినలేదు. డాక్టరుగారు ఈసీజీ తీసి, షాక్ కొట్టాక పైకి బాగున్నా గుండె లయ తప్పే ప్రమాదముంటుంది, తీసుకొచ్చి మంచిపని చేశారన్నారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

అత్తయ్యగారు రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. "పరాయి బిడ్డ ఉసురు పోసుకునేదాన్నే" అని ఒకటే ఏడుపు. తప్పు ఆవిడది కాదు, చెప్పని నాది.

అందుకే సోదరీమణులారా, మెయిన్ దించితే ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ, నిద్రపోతున్నవాళ్ళను లేపైనా సరే, చెప్పండి. "పని జరుగుతోంది, వెయ్యవద్దు" అని కాగితం అంటించండి. పాతకాలం ఫ్యూజులైతే మెకానిక్‌నే ఊడదీసి జేబులో పెట్టుకోమనండి. తీగ ముట్టుకునే ముందు టెస్టరు పెట్టి చూడమనండి.

ఖర్మకాలి షాక్ కొడితే మనిషిని ముట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. అది అందకపోతే పొడిగా ఉన్న చోట నిలబడి, ఎండు కర్రతో తీగను తప్పించండి. స్పృహా ఊపిరీ లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

మేమిప్పుడు మెయిన్ పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతోందంటే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. అది ఉంది కదా అని ఎర్తింగు మాత్రం మానకూడదట.

వారం తర్వాత ఆ కుర్రాడే వచ్చి మిగతా పని పూర్తి చేశాడు. అత్తయ్యగారు కుర్చీ తెచ్చుకుని మెయిన్ కింద కూర్చున్నారు. "నువ్వు చెప్పేదాకా దీన్ని ఎవర్నీ తాకనివ్వను నాయనా" అన్నారు. పని అయ్యేదాకా కదిలితే ఒట్టు!